చక్కెర లెక్క తేల్చిన గెర్టీ కోరీ

ఆగస్టు 15 అనగానే మనకు జెండా వందనం గుర్తుకు వస్తుంది. అదే తేదీన, 1896లో, అప్పటి ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యంలోని ప్రాగ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో గెర్టీ థెరిసా రాడ్నిట్జ్ జన్మించింది. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి ఆమె గెర్టీ కోరీ. వైద్యశాస్త్రంలో ఆ బహుమతి అందుకున్న మొట్టమొదటి మహిళ. విజ్ఞానశాస్త్రాలన్నీ కలిపి చూస్తే మేరీ క్యూరీ, ఆమె కుమార్తె ఐరీన్ల తరవాత మూడవ మహిళ.

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుల జీవితం వ్రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను ఈమె పేరు చెప్పడానికి కారణాలు రెండు. మన నెలవారీ సమావేశంలో కాఫీల దగ్గర నలుగురు చేరితే మొదట వచ్చే మాట డి.ఏ. గురించి, రెండవది షుగరు గురించి. పొద్దున పరగడుపున ఎంత ఉంది, భోజనం తరవాత ఎంత ఉంది అని లెక్కలు చెప్పుకుంటాం. తిన్న చక్కెర ఒంట్లో ఎక్కడికి పోతుంది, ఏమీ తినకపోయినా రక్తంలోకి ఎక్కడినుంచి వస్తుంది అనే ప్రశ్నకు జవాబు వెదికినవారిలో ఈమె ముఖ్యురాలు. ఆసుపత్రి లేబొరేటరీలో ముప్పై ఏళ్లకు పైగా రక్తపరీక్షలు చేసినవాణ్ణి కనుక ఈ సంగతి కొంత తెలుసు. రెండవ కారణం ఆమె సర్వీసు చరిత్ర. అది సైన్సు చదవనివారికి కూడా, సీనియారిటీ జాబితాల కోసం ఎదురుచూసిన ప్రతి ఉద్యోగికీ అర్థమవుతుంది.

చక్కెరతో ఆమె సంబంధం పుట్టుకతోనే మొదలైందని చెప్పాలి. తండ్రి ఒట్టో రాడ్నిట్జ్ రసాయన శాస్త్రవేత్త, చక్కెర శుద్ధి కర్మాగారాలు నడిపించినవాడు. ముగ్గురు ఆడపిల్లల్లో గెర్టీ పెద్దది. పదేళ్ల వరకు ఇంటిదగ్గర చదువు, ఆ తరవాత ఆడపిల్లల బడి. ఆ బడిలో నేర్పే చదువు నలుగురిలో మర్యాదగా మెలగడానికి పనికివచ్చేదే గాని విశ్వవిద్యాలయం మెట్టు ఎక్కడానికి చాలేది కాదు. పదహారో ఏట వైద్యం చదవాలని ఆమె నిశ్చయించుకుంది. పిల్లల వైద్యంలో ప్రొఫెసరుగా ఉన్న మేనమామ ప్రోత్సహించాడు. తీరా చూస్తే ప్రవేశ పరీక్షకు కావలసిన లాటిన్ రాదు, లెక్కలు, భౌతిక రసాయన శాస్త్రాలు చాలవు. మగపిల్లలు ఎనిమిదేళ్లు చదివే లాటినూ, ఐదేళ్ల సైన్సూ ఒక్క ఏడాదిలో పూర్తిచేసి, 1914లో ప్రాగ్‌లోని జర్మన్ విశ్వవిద్యాలయంలో చేరింది.

అక్కడే కార్ల్ కోరీ పరిచయమయ్యాడు. ఆమెకన్నా నాలుగు నెలలు చిన్నవాడు. ఇతడు ట్రియెస్ట్ రేవుపట్టణంలో పెరిగాడు. తండ్రి అక్కడి సముద్రజీవ పరిశోధన కేంద్రానికి అధిపతి. గెర్టీ చురుకు, మాటకారి, తొందర మనిషి. కార్ల్ నెమ్మది, బిడియం. ఇద్దరికీ కొండలెక్కడం ఇష్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో కార్ల్ కొంతకాలం సైన్యంలో పనిచేసి వచ్చాక 1920లో ఇద్దరూ వైద్యపట్టా పుచ్చుకున్నారు. ఆ సంవత్సరమే పెళ్లి చేసుకున్నారు. పెళ్లి కోసం ఆమె కేథలిక్ మతం తీసుకుంది.

యుద్ధం తరవాతి వియన్నాలో బతుకు దుర్భరం. గెర్టీ పిల్లల ఆసుపత్రిలో పనిచేస్తూ, థైరాయిడ్ గ్రంథికీ శరీర ఉష్ణోగ్రతకూ గల సంబంధం మీద పరిశోధన మొదలుపెట్టింది. హార్మోన్ల మీద ఆమె తొలిపని అదే. తిండి సరిగా లేక ఆమెకే కళ్లజబ్బు వచ్చింది. విటమిన్ ఏ లోపం వల్ల కళ్లు పొడిబారే జబ్బు అది. మళ్లీ మంచి తిండి దొరికాక గాని నయం కాలేదు. యూదులపట్ల ద్వేషం కూడా పెరుగుతున్న రోజులు. యూరప్‌లో ఉంటే భవిష్యత్తు లేదని ఇద్దరికీ అర్థమైంది. 1922లో కార్ల్‌కు అమెరికాలోని బఫెలో నగరంలో క్యాన్సరు పరిశోధనా సంస్థలో ఉద్యోగం దొరికింది. ఆరు నెలల తరవాత గెర్టీ కూడా వెళ్లింది. ఆమెకు ఇచ్చింది అసిస్టెంట్ పాథాలజిస్టు ఉద్యోగం.

ఇక్కడినుంచే కథ మనకు పరిచయమైన దారిలోకి వస్తుంది. తన గదిలో తన సూక్ష్మదర్శిని ముందు కూర్చోవాలి తప్ప భర్తతో కలిసి పరిశోధన చేయరాదని పైఅధికారి హెచ్చరించాడు. వింటే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే పోతుంది. కొంతకాలం ఆమె తన స్లయిడ్లు చూసుకుంటూనే వీలు చిక్కినప్పుడల్లా కార్ల్ లేబొరేటరీకి వెళ్లి పనిచేసి వచ్చేది. మెల్లగా అధికారులు చూసీచూడనట్టు ఊరుకున్నారు.

అప్పటికి టొరంటోలో ఇన్సులిన్ కనుగొని ఏడాది రెండేళ్లు అయింది. ప్రపంచమంతా ఆ మందును గురించే మాట్లాడుకుంటోంది. సూది వేస్తే రక్తంలో చక్కెర తగ్గుతోంది, సరే. తగ్గిన ఆ చక్కెర ఏమైనట్టు? కాలిపోయిందా, కొవ్వుగా మారిందా, ఎక్కడైనా దాక్కుందా? ఎవరి ఊహ వారిది. కోరీ దంపతులు ఊహలు పక్కన పెట్టి జమాఖర్చుల పుస్తకం తెరిచారు. అకౌంట్సులో పనిచేసిన మిత్రులు ఈ భాగం శ్రద్ధగా చదవాలని నా మనవి.

ఎలుకను ఒకరోజు పస్తు పెట్టి, తూచిన గ్లూకోజును గొట్టంతో కడుపులోకి పంపేవారు. కొన్ని గంటల తరవాత పేగుల్లో ఇంకా మిగిలింది ఎంత, రక్తంలో ఉన్నది ఎంత, కాలేయంలో నిలవ చేరినది ఎంత, కండరాల్లో ఎంత, పీల్చిన ప్రాణవాయువు లెక్కనుబట్టి కాలిపోయినది ఎంత, అన్నీ విడివిడిగా కొలిచేవారు. మొత్తం కూడితే లోపలికి పంపిన గ్లూకోజుకు సరిపోవాలి. ట్రయల్ బ్యాలెన్సు కుదరకపోతే మళ్లీ మొదటినుంచి. అంత చిన్న తూకాల్లో కొలవడానికి ఉన్న పద్ధతులు చాలక వాటిని తామే మెరుగుపరచుకున్నారు. తప్పు ఎక్కడ దొర్లిందో పట్టుకోవడంలో గెర్టీ మహా గట్టిదని ఆమెతో పనిచేసిన వారందరూ ఒప్పుకునేవారు.

ఇక్కడ గ్లైకోజన్ అనే మాట ఒకటి చెప్పుకోవాలి. పంట వచ్చినప్పుడు రైతు గింజలను గాదెలో పోసుకున్నట్టు, మన శరీరం గ్లూకోజును గొలుసులుగా పేర్చి గ్లైకోజన్‌గా దాస్తుంది. ఈ గాదెలు ముఖ్యంగా రెండు చోట్ల ఉన్నాయి: కాలేయంలో, కండరాల్లో. కాలేయం గాదె ఊరందరిదీ. రక్తంలో చక్కెర తగ్గితే అక్కడినుంచి విడుదలవుతుంది. కండరం గాదె సొంతానికే. అందులోని గింజ గ్లూకోజుగా బయటికి రాదు.

ఇన్సులిన్ ఇచ్చిన ఎలుకల్లో చక్కెర ఎక్కువగా కండరాల వైపు మళ్లి, కొంత ఖర్చయి కొంత అక్కడ నిలవ అయిందని లెక్క తేలింది. అసలు చిక్కు ఎడ్రినలిన్‌తో వచ్చింది. భయం వేసినప్పుడు, కోపం వచ్చినప్పుడు ఒంట్లో ఊరే హార్మోను అది. ఎడ్రినలిన్ ఇస్తే కండరాల్లో గ్లైకోజన్ తగ్గింది. కాని పస్తున్న ఎలుక కాలేయంలో గ్లైకోజన్ పెరిగింది! కండరం గాదెనుంచి గ్లూకోజు బయటికి రాదని ఇంతకుముందే చెప్పాను. మరి ఈ సరుకు ఏ రూపంలో వెళ్లింది? రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరగడం చూసి వారు దారి పట్టుకున్నారు. కండరం తన గ్లైకోజన్‌ను లాక్టిక్ ఆమ్లంగా విరిచి రక్తంలోకి వదులుతుంది. కాలేయం దాన్ని పట్టుకుని తిరిగి గ్లూకోజుగా, గ్లైకోజన్‌గా చేస్తుంది. ఆ గ్లూకోజు రక్తం ద్వారా మళ్లీ కండరానికి చేరుతుంది. 1929లో ప్రతిపాదించిన ఈ చక్రానికే కోరీ చక్రం అని పేరు. నేటికీ వైద్య విద్యార్థులు మొదటి సంవత్సరంలో దీన్ని చదువుతారు. మనం బస్సు అందుకోవడానికి నాలుగడుగులు పరుగెత్తినా ఒంట్లో జరిగేది ఇదే.

బఫెలోలో ఉండగా ఇద్దరూ కలిసి యాభై దాకా పరిశోధనా పత్రాలు వెలువరించారు. గెర్టీ ఒక్కతే వ్రాసినవి మరో పదకొండు. ఇంత పేరు వచ్చాక కార్ల్‌ను పెద్ద విశ్వవిద్యాలయాలు పిలిచాయి. కార్ల్‌ను మాత్రమే. భార్యాభర్తలిద్దరికీ ఒకేచోట ఉద్యోగం ఇవ్వరాదని చాలాచోట్ల నిబంధన. న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక విశ్వవిద్యాలయం వారు, భార్యతో కలిసి పనిచేయడం మానుకుంటేనే ఉద్యోగం అని కార్ల్‌కు షరతు పెట్టారు. అంతటితో ఊరుకోలేదు. గెర్టీని పక్కకు పిలిచి, నీవు భర్త అభివృద్ధికి అడ్డుపడుతున్నావు, భార్యతో కలిసి పనిచేయడం అమెరికా పద్ధతి కాదు అన్న ధోరణిలో బోధించారు. ఆమె కన్నీళ్లు పెట్టుకుంది. కార్ల్ ఆ ఉద్యోగం వద్దన్నాడు. మనలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైనవారు ఒకే ఊళ్లో పోస్టింగు కోసం ఎన్ని దరఖాస్తులు పెట్టుకున్నారో నాకు తెలుసు. కనీసం ఆ దరఖాస్తుకు ఒక కాలమ్ ఉండేది. అక్కడ అదీ లేదు.

చివరికి 1931లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఇద్దర్నీ తీసుకుంది. కార్ల్‌కు ఫార్మకాలజీ శాఖాధిపతి పదవి. గెర్టీకి రీసెర్చి అసోసియేట్ అనే హోదా. ఆమె జీతం భర్త జీతంలో పదో వంతు. చదువు సమానం, అనుభవం సమానం, పత్రాల మీద సంతకాలు సమానం. యుద్ధకాలంలో అసోసియేట్ ప్రొఫెసరయ్యేదాకా, పన్నెండేళ్ల పాటు, ఆమె ఆ హోదాలోనే ఉండిపోయింది. దీన్ని గురించి ఆమె బహిరంగంగా గొడవపడినట్టు కనబడదు. ఓర్పు అనడానికి నాకు మనసొప్పదు. పని చేయనిస్తే చాలు, మిగతావి తరవాత చూద్దాం అన్న మొండితనం అనుకుంటాను. ఆ మొండితనాన్ని ఆధారం చేసుకుని తక్కువ జీతంతో సరిపెట్టిన వారిని మాత్రం నేను మెచ్చుకోలేను.

ఆ రీసెర్చి అసోసియేట్ చేసిన పని చూడండి. గాదెలోని గ్లైకోజన్ గొలుసు తెగేటప్పుడు మొదటి గింజ ఏ రూపంలో రాలుతుంది అన్నది ప్రశ్న. నీటితో తెగి గ్లూకోజు వస్తుందని అందరూ అనుకునేవారు. కోరీలు కప్ప కండరాన్ని ముక్కలుగా కొట్టి, నీళ్లతో బాగా కడిగి, ఫాస్ఫేటు కలిపి చూశారు. అంతవరకు ఎవరూ చూడని పదార్థం ఒకటి దొరికింది. గ్లూకోజు అణువులో మొదటి కర్బనానికి ఫాస్ఫేటు తగులుకుని ఉంది. గ్లూకోజ్–1–ఫాస్ఫేట్ అనే ఈ పదార్థానికి కోరీ ఎస్టర్ అని పేరు వచ్చింది. ఇది 1936. ఆ ఏడు సెయింట్ లూయిస్‌లో వేసవి విపరీతం. లేబొరేటరీలో ఎయిర్ కండిషనింగ్ లేదు. గెర్టీ నిండు గర్భిణి. ప్రసవానికి ఆసుపత్రిలో చేరేదాకా ఆ ప్రయోగాల్లోనే ఉంది. ఆగస్టులో కుమారుడు టామ్ పుట్టాడు. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు.

ఇక్కడ మనవాడొకరిని తలచుకోక తప్పదు. ఇటువంటి పరిశోధనకు ఫాస్ఫరస్‌ను అతి స్వల్ప పరిమాణంలో కొలవగలగాలి. ఆ కాలపు శాస్త్రవేత్తలకు అందుకు కొలబద్దగా ఉన్నది ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి దాన్ని రూపొందించినవాడు భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సీరం ఫాస్ఫరస్ పరీక్ష ఆ పద్ధతిలోనే చేసేవాళ్లం. నీలం రంగు తేలేదాకా గడియారం చూస్తూ నిలబడేవాళ్లం. హార్వర్డ్‌లో సుబ్బారావుకు కూడా పనికి తగ్గ పదవి దక్కలేదు. ఆయన కథ వేరే సంచికకు తగినది.

కోరీ ఎస్టరును తయారుచేసే ఎంజైముకు ఫాస్ఫోరిలేజ్ అని పేరు పెట్టారు. దాన్నే వెనక్కి నడిపించి 1939లో పరీక్షనాళికలో గ్లూకోజు గొలుసులు అల్లారు. జీవకణం వెలుపల అంత పెద్ద అణువు తయారు కావడం శాస్త్రలోకాన్ని ఆశ్చర్యపరచింది. అందులోనూ ఒక పేచీ వచ్చింది. గంజి మీద అయోడిన్ చుక్క వేస్తే నీలమవుతుందని బడిలో చూశాం గదా. గ్లైకోజన్ మీద వేస్తే గోధుమరంగు రావాలి. శుద్ధిచేసిన కండరం ఎంజైముతో అల్లిన పదార్థం నీలం రంగు చూపింది! అంటే తయారైంది పిండిపదార్థం లాంటి తిన్నని గొలుసు. గ్లైకోజన్‌కు చెట్టులా కొమ్మలుంటాయి. ఆ కొమ్మలు వేసే పని మరో ఎంజైముదని తరవాత తేలింది. ఇదే ఎంజైము మీద పనిచేస్తూ గెర్టీ, ఆర్డా గ్రీన్ అనే సహోద్యోగినితో కలిసి, ఫాస్ఫోరిలేజ్ రెండు రూపాల్లో ఉంటుందని, వాటిలో ఒకటి ఎక్కువ చురుకైనదని గుర్తించింది. ఎడ్రినలిన్ కణం తలుపు తడితే లోపల ఈ రూపం మార్పు ఎలా జరుగుతుందో కనిపెట్టిన ఘనత తరవాతివారిది. వారిలో ఎర్ల్ సదర్లాండ్ (1971), ఎడ్విన్ క్రెబ్స్ (1992) నోబెల్ బహుమతులు పొందారు. ఇద్దరూ కోరీల లేబొరేటరీలో పనిచేసి వెళ్లినవారే. ఒచోవా, కోర్న్‌బర్గ్, లెలోయర్, డి డ్యూవ్ కూడా అక్కడ ఉండివెళ్లి నోబెల్ అందుకున్నారు. ఒకే లేబొరేటరీ నుంచి ఆరుగురు!

అన్నీ నెగ్గాయని చెబితే అబద్ధమవుతుంది. పీయూష గ్రంథి రసం గ్లూకోజు వాడకాన్ని అడ్డుతుందని, ఇన్సులిన్ ఆ అడ్డు తొలగిస్తుందని 1945లో ఆ లేబొరేటరీ ప్రకటించింది. ఇన్సులిన్ గుట్టు దొరికిందని అందరూ సంబరపడ్డారు. ఇతర చోట్ల అది నిలకడగా రుజువు కాలేదు. ఇన్సులిన్ పని మొదలయ్యేది కణం పైపొర మీదనే అని తరవాతి దశాబ్దాల్లో తేలింది.

1947 జూలైలో, యాభై ఒకటో ఏడు నిండబోతుండగా, గెర్టీని ప్రొఫెసరుగా నియమించారు. అక్టోబరులో నోబెల్ ప్రకటన వచ్చింది. బహుమతిలో సగం కోరీ దంపతులకు, సగం పీయూష గ్రంథికీ చక్కెరకూ గల సంబంధం తేల్చిన అర్జెంటీనా శాస్త్రవేత్త బెర్నార్డో హూసేకు. ప్రమోషనుకూ నోబెల్‌కూ మధ్య ఉన్న కొద్ది నెలల్లోనే మరొకటి జరిగింది. ఆ వేసవిలో కొలరాడో కొండలు ఎక్కుతూ ఆమె సొమ్మసిల్లింది. పరీక్షలు చేస్తే ఎముకల మజ్జ గట్టిపడి రక్తం తయారుకాని జబ్బు అని తేలింది. నయం చేసే మందు లేదు. ఆ సంగతి తెలిసే డిసెంబరులో స్టాక్‌హోమ్ వెళ్లి, బహుమతి ఉపన్యాసంలో తన భాగం తాను చదివి వచ్చింది.

ఆ తరవాత పదేళ్లు బతికింది. తరచు రక్తం ఎక్కించుకుంటూ లేబొరేటరీకి వచ్చేది. గదిలో చిన్న మంచం వేయించుకుని, అలసినప్పుడు కాసేపు నడుము వాల్చి మళ్లీ లేచేది. చివరి రోజుల్లో నడవలేకపోతే కార్ల్ ఆమెను ఎత్తుకుని ఒకచోటినుంచి మరొకచోటికి చేర్చేవాడు. 1950లో అధ్యక్షుడు ట్రూమన్ ఆమెను నేషనల్ సైన్స్ ఫౌండేషన్ బోర్డులో నియమిస్తే, ఆ స్థితిలోనూ సమావేశాలకు వాషింగ్టన్ వెళ్లేది. వారంవారం లైబ్రరీ నుంచి పుస్తకాల కట్ట తెచ్చుకుని చదివేది. నొప్పి వల్ల కోపం ఎక్కువైందని, ప్రయోగంలో అశ్రద్ధ కనిపిస్తే సహించేది కాదని శిష్యులు చెప్పుకునేవారు.

ఈ పదేళ్లలో చేసిన పనే నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోస్తుంది. పుట్టుకతోనే గ్లైకోజన్ జబ్బు ఉన్న పిల్లలు కొందరుంటారు. కాలేయం ఉబ్బి పొట్ట ముందుకొస్తుంది. కాస్త పొద్దుపోయి పాలు పడితే రక్తంలో చక్కెర పడిపోయి మూర్ఛలు వస్తాయి. గాదె నిండా ధాన్యం, ఇంట్లో పస్తు. ఇటువంటి పిల్లల కాలేయం ముక్కలు తెప్పించి పరీక్షించి, గ్లూకోజుకు తగులుకున్న ఫాస్ఫేటును విడదీసే ఎంజైము అందులో లేదని 1952లో కోరీలు చూపించారు. గాదె తలుపు తాళంచెవి అదే. కండరానికి ఆ తాళంచెవి సహజంగానే లేదు. ఈ పిల్లలకు కాలేయంలో కూడా లేదు. వంశపారంపర్యంగా వచ్చే జబ్బుకు మూలం ఫలానా అవయవంలో ఫలానా ఎంజైము లోపం అని వేలు పెట్టి చూపడం అదే మొదటిసారి. అదే లక్షణాలున్న మరికొందరు పిల్లల్లో ఆ ఎంజైము సరిగానే ఉంది. వారిలో గ్లైకోజన్ కొమ్మలను తెంచే ఎంజైము లేదని, బార్బరా ఇల్లింగ్‌వర్త్‌తో కలిసి, 1956 నాటికి గెర్టీ తేల్చింది. దానికి నేడు కోరీ వ్యాధి అని పేరు. పైకి ఒకటిగా కనిపించే జబ్బు లోపల వేరువేరు జబ్బులని విడదీయడానికి మళ్లీ ఆ పాత జమాఖర్చుల బుద్ధే పనికొచ్చింది. ఇప్పుడు అటువంటి పిల్లలకు పచ్చి మొక్కజొన్న పిండి నీళ్లలో కలిపి వేళకు పట్టి, చక్కెర పడిపోకుండా కాపాడుతున్నారు.

1957 అక్టోబరు 26న సెయింట్ లూయిస్ శివారులోని తన ఇంట్లో గెర్టీ కన్నుమూసింది. వయస్సు 61. కార్ల్ ఆ తరవాత మరో ఇరవై ఏడేళ్లు ఉండి 1984లో వెళ్లిపోయాడు. అమెరికా తపాలాశాఖ 2008లో ఆమె బొమ్మతో 41 సెంట్ల బిళ్ల వేసింది. బొమ్మ పక్కన కోరీ ఎస్టర్ ఫార్ములా కూడా ముద్రించింది. అందులో ఫాస్ఫేటు తగులుకున్న చోట ఒక బంధం తప్పుగా గీశారు.